‘నాష్‌విల్’ పాటలను రాసినవారి పేర్లతో సహా పరిచయం చేయండి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారాలు. విదేశీ టెలివిజన్ ధారావాహికల సంగీతంపై మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసాన్ని ఆసక్తితో చదివాను. అందులో అమెరికన్ ధారావాహిక ‘నాష్‌విల్’కు దక్కినవి రెండే వాక్యాలు. పాటలు బాగుంటాయని ఒక వాక్యం, వాటిని నటీనటులే స్వయంగా పాడారని మరొక వాక్యం. రెండూ నిజమే. కానీ ఆ పాటలు ఎందుకు బాగుంటాయో, ఎవరి కలం నుంచి వచ్చాయో చెప్పకుండా వదిలేయడం ఆ ధారావాహిక విషయంలో మరింత అన్యాయం; ఎందుకంటే ఆ కథంతా పాటలు రాసుకునే మనుషుల చుట్టూనే తిరుగుతుంది. నాకు ఇష్టమైన కొన్ని పాటలను ఉదాహరణగా తీసుకుని ఈ లోటును కొంతైనా పూరించాలన్న ఉద్దేశంతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

తెలియని పాఠకుల కోసం నాలుగు మాటలు. కేలీ ఖౌరీ రూపొందించిన ఈ ధారావాహిక 2012 అక్టోబర్ 10న ఏబీసీ ఛానల్‌లో మొదలైంది. నాలుగు సీజన్ల తరువాత 2016లో ఆ ఛానల్ దీనిని ఆపివేయగా సీఎంటీ ఛానల్ అందుకుని మరో రెండు సీజన్లు నడిపింది. టెనెసీ రాష్ట్ర రాజధాని అయిన నాష్‌విల్ నగరంలో, పేరు నిలబెట్టుకోవడానికి పాట్లు పడే రేనా జేమ్స్ అనే సీనియర్ గాయనికీ, దూసుకువస్తున్న జూలియట్ బార్న్స్ అనే యువ గాయనికీ మధ్య పోటీతో కథ మొదలవుతుంది. రేనాగా కోనీ బ్రిటన్, జూలియట్‌గా హేడెన్ పానెటియర్ నటించారు. మొదటి సీజన్ సంగీత బాధ్యతను ఖౌరీ భర్త టి బోన్ బర్నెట్ చూసుకున్నారు. పాత కంట్రీ (అమెరికా పల్లెల్లో పుట్టిన సంగీత శైలి), జానపద గీతాలతో కూర్చిన ఒక సినిమా ఆల్బమ్‌కు 2002లో గ్రామీ ఉత్తమ ఆల్బమ్ పురస్కారం తెచ్చిపెట్టిన నిర్మాత ఆయనే. ఏ పాట గొంతుకు పడుతుందో, ఏది సన్నివేశంలో నిలుస్తుందో ఆయనకు బాగా తెలుసు. ఆ ఎరుకతోనే నాష్‌విల్ నగరంలోని గీత రచయితల దగ్గర ఉన్న పాటలను వెతికి, పాత్రల స్వభావానికి సరిపోయేవాటిని ఏరుకుని కథలో కూర్చారు. అందుకే చాలా పాటలు సన్నివేశం కోసం అప్పటికప్పుడు అల్లినట్లు ఉండవు. ఎవరో ఎప్పుడో తమ బాధ తాము రాసుకుంటే అది ఈ పాత్రకు దొరికినట్లు ఉంటాయి.

ఆ మాటకు మంచి ఉదాహరణ మొదటి భాగం చివర వచ్చే ‘ఇఫ్ ఐ డిడింట్ నో బెటర్’. జాన్ పాల్ వైట్, ఆరమ్ రే కలిసి రాసిన పాట ఇది. కథలో స్కార్లెట్ అనే అమ్మాయి బ్లూబర్డ్ కెఫేలో పనిచేస్తూ నోటుపుస్తకంలో కవితలు రాసుకుంటుంది. గన్నర్ అనే కుర్రాడు వాటిలో పాటలున్నాయని గుర్తించి ఆమెను వేదిక మీదికి తీసుకువస్తాడు. గిటార్ ఒకటే. ఆమె గొంతు మొదట తనకు తానే చెప్పుకుంటున్నంత సన్నగా ఉంటుంది. అతని గొంతు తోడైన తరువాత రెండూ ఒకే స్వరం మీద నడవవు. ఒకటి రాగాన్ని పట్టుకుని ఉంటే రెండవది కాస్త ఎడంగా, అదే మాటను వేరొక స్వరస్థానం మీద పలుకుతూ వెంట వస్తుంది. వద్దనుకుంటూనే దగ్గరవుతున్న ఇద్దరి గురించిన పాటకు ఆ ఎడం ఎంత అవసరమో విన్నవారికే తెలుస్తుంది. జనంలో కూర్చున్న వాటీ వైట్ అనే పాత నిర్మాత మారు మాట్లాడకుండా రేనాకు ఫోన్ చేసి, ఆమె కూడా వినేలా ఫోన్‌ను వేదిక వైపు పట్టుకుంటాడు. ఆ పాత్ర వేసిన జె.డి. సౌథర్ నిజ జీవితంలోనూ గొప్ప గీత రచయిత. ఈగల్స్ అనే రాక్ బృందం ప్రసిద్ధ గీతాలు కొన్నింటి రచనలో ఆయనకు వాటా ఉంది. 2024లో ఆయన కన్నుమూశారు. ఒక మంచి పాటను తొలిసారి విని గుర్తుపట్టే పాత్రను జీవితమంతా పాటలు రాసిన మనిషికి ఇవ్వడంలోనే ఈ ధారావాహిక పద్ధతి తెలిసిపోతుంది.

బ్లూబర్డ్ కెఫే కల్పితం కాదు. 1982లో ఏమీ కుర్లాండ్ ప్రారంభించిన ఈ చిన్న కెఫే ఒక మామూలు దుకాణాల వరుసలో ఉంటుంది. సుమారు తొంభై మందికి మించి పట్టదు. నలుగురు రచయితలు గది మధ్యలో ఒకరికొకరు ఎదురుగా కూర్చుని, వరుసగా తమ పాటలు తామే పాడుకోవడం, చుట్టూ ఉన్న శ్రోతలు నోరు మెదపకుండా వినడం అక్కడి ఆనవాయితీ. రేడియోలో ఎవరో తార పాడగా లక్షలమంది విన్న పాటను, దానిని రాసిన మనిషి తన మామూలు గొంతుతో పాడుతుంటే వినగలిగే చోటు అది. 2008 నుంచి దీని నిర్వహణ గీత రచయితల సంఘం చేతుల్లోకి వెళ్లింది. ధారావాహిక కోసం ఈ గదికి నకలుగా స్టూడియోలో సెట్ వేశారు. నాకు నచ్చిన పాటల్లో సగానికి పైగా ఆ గదిలో పాడినవే కావడం కాకతాళీయం కాదని నా అభిప్రాయం. క్రీడాప్రాంగణాల్లో దీపాల వెలుగులో జూలియట్ పాడే హుషారు పాటలు కథకు అవసరమే కానీ, ధారావాహిక వదిలి విడిగా వింటే వాటిలో చాలా భాగం తేలిపోతాయి.

రేనా, ఆమె పాత ప్రేమికుడూ గిటార్ వాద్యకారుడూ అయిన డీకన్ కలిసి పాడే ‘నో వన్ విల్ ఎవర్ లవ్ యూ’ను చూడండి. స్టీవ్ మక్‌ఇవాన్, జాన్ పాల్ వైట్ రచన. నాలా నిన్ను ఎవరూ ప్రేమించలేరు అన్న మాట పైకి మామూలు ప్రేమ వాక్యమే. అయితే మరొకరిని పెళ్లాడి ఇద్దరు పిల్లల తల్లి అయిన స్త్రీ, ఒకనాడు తాగుడుకు బానిసై ఆమెను పోగొట్టుకున్న మగవాడు, ఒకే మైకు ముందు ఆ మాట పాడుతుంటే అది ప్రేమగా కన్నా నిందగా, కొంతవరకు శాపంగా కూడా వినిపిస్తుంది. కోనీ బ్రిటన్‌ది పెద్ద గొంతు కాదు. నిర్మాతలు దానిని దాచిపెట్టే ప్రయత్నం చేయకుండా, ఆమె స్థాయికి తగ్గ పాటలనే ఎంచుకోవడం వల్ల మాట స్పష్టంగా నిలిచింది. నేపథ్య గాయకులకు అలవాటుపడిన మన చెవులకు నటి సొంత గొంతులోని ఆ చిన్న బీట మొదట కొరతగా తోచవచ్చు. రెండోసారి వినేసరికి అదే కావాలనిపిస్తుంది. డీకన్‌గా నటించిన చార్లెస్ ఎస్టెన్ స్వయంగా పాటలు రాసేవారు. వరుసగా 54 శుక్రవారాలు వారానికొకటి చొప్పున సొంత పాటలు విడుదల చేసి గిన్నిస్ రికార్డు కూడా సాధించారు. ప్రస్తుత విషయానికి అది కాస్త పక్కదారి అయినా, ఆ పాత్ర గిటార్ పట్టుకునే తీరు ఎందుకంత సహజంగా ఉంటుందో దానితో అర్థమవుతుంది.

స్కార్లెట్, గన్నర్ పాడిన ‘వెన్ ద రైట్ వన్ కమ్స్ అలాంగ్’ నా జాబితాలో అన్నిటికన్నా ముందుంటుంది. సరైన మనిషి తారసపడినప్పుడు మేళతాళాలు మోగవు, జనం చప్పట్లు కొట్టరు, అయినా నీకు తెలిసిపోతుంది అని చెప్పే పాట. ఇంతకన్నా చిన్న ఊహ ఉండదు. దానిని రాసినవారు స్ట్రైకింగ్ మ్యాచెస్ అనే జంటగా పాడే సారా జిమర్‌మన్, జస్టిన్ డేవిస్, వారితో పాటు జార్జియా మిడిల్‌మన్. ఈ జంట తొలి ఆల్బమ్‌ను 2015లో బర్నెట్ నిర్మించారు. అంటే ధారావాహిక కోసం పాటలు వెతికిన మనిషి, ఆ పాటల వెనుక ఉన్నవారిని ఆ తరువాత కూడా మరిచిపోలేదన్నమాట. మరొక విశేషం ఏమిటంటే స్కార్లెట్ పాత్రధారి క్లేర్ బోవెన్‌ది ఆస్ట్రేలియా, గన్నర్ పాత్రధారి శామ్ పల్లాడియోది ఇంగ్లండ్. టెనెసీ గాలి పీల్చి పెరగని ఇద్దరు కంట్రీ పాటను ఇంత నమ్మకంగా పలికించారంటే ఆ ఘనతలో పాటకు పెద్ద వాటా ఇవ్వక తప్పదు.

జూలియట్ పాటల్లో ‘టెలిస్కోప్’కు ఎక్కువ పేరు వచ్చింది. హిలరీ లిండ్సే, కేరీ బార్లో రాసిన ఈ పాటలో మోసం చేసే ప్రియుడిని ఆమె దూరం నుంచే పసిగడుతుంది. హుషారుగా, చప్పట్లకు తగ్గట్టుగా ఉంటుంది. నాకు మాత్రం రేనా కూతుళ్లుగా నటించిన లెనన్, మేజీ స్టెల్లా అనే కెనడా అక్కచెల్లెళ్లు అదే పాటను ఆర్భాటం లేకుండా పాడిన రూపమే నచ్చుతుంది. వాద్యాల హోరు తగ్గేసరికి ఆ పాట బిగువు ఎక్కడుందో బయటపడింది. అంతకన్నా లోతైనది ‘అండర్‌మైన్’. ఎదుటివారిని పడగొట్టడం తేలిక, తాను వెలగడమే కష్టం అన్న భావాన్ని ట్రెంట్ డాబ్స్, కేసీ మస్‌గ్రేవ్స్ ఇందులో చెప్పారు. ధారావాహిక మొదలైననాటికి పెద్ద సంస్థ ద్వారా మస్‌గ్రేవ్స్ తొలి ఆల్బమ్ ఇంకా బయటికి రాలేదు. 2019లో ఆమె గ్రామీ ఉత్తమ ఆల్బమ్ పురస్కారం గెలుచుకున్నారు. పైకి పొగరుగా కనిపించే జూలియట్‌ను డీకన్ మొదటిసారి రచయితగా గౌరవించేది ఈ పాట దగ్గరే కావడం వల్ల, ప్రేక్షకుడి దృష్టి కూడా ఇక్కడే మారుతుంది.

చిన్న గదుల పాటలే గొప్పవని నేను పైన అన్న మాటకు ఒక్క మినహాయింపు ఉంది. రేనా, జూలియట్ కలిసి పాడే ‘రాంగ్ సాంగ్’ను 1892లో కట్టిన రైమన్ ఆడిటోరియం వేదిక మీద చిత్రించారు. ఒకప్పుడు గ్రాండ్ ఓల్ ఆప్రీ రేడియో కార్యక్రమం మూడు దశాబ్దాల పాటు సాగినది ఆ భవనంలోనే. సోన్యా ఐజాక్స్, జిమ్మీ ఇయరీ, మార్వ్ గ్రీన్ రాసిన ఆ పాట విరహగీతంలా ఎత్తుకుని, నీ కోసం ఏడుస్తున్నానని అనుకుంటున్నావేమో, అలాంటి పాట కావాలంటే వేరే చోట చూసుకో అని ఎదురు తిరుగుతుంది. ఒకరినొకరు సహించలేని ఇద్దరు గాయనులు పోటీపడి పాడుతుంటే, వారి కోపం పాటలోని ప్రియుడి మీదా, పక్కనున్న మనిషి మీదా అన్నది తేలదు. అంతటి ఊపు పెద్ద హాలులోనే పండుతుంది.

మొదటి సీజన్ ముగింపులో జూలియట్ తల్లిని పోగొట్టుకుని, మళ్లీ అదే బ్లూబర్డ్‌లో కూర్చుని ‘నథింగ్ ఇన్ దిస్ వరల్డ్ విల్ ఎవర్ బ్రేక్ మై హార్ట్ అగైన్’ పాడుతుంది. సారా బక్స్‌టన్, కేట్ యార్క్ రాసిన ఈ పాట 2013లో ఎమ్మీ నామినేషన్ పొందింది. ఇక దీనికన్నా పెద్ద బాధ ఉండబోదు కనుక ఇక భయమూ లేదు అనే ఆ తర్కం దుఃఖంలో ఉన్నవారి తర్కం; బయటివారికి తప్పుగా తోచినా పాడుతున్నంతసేపూ ఎదురు చెప్పబుద్ధి కాదు. రెండవ సీజన్‌లో, బాల్యమంతా వేధించిన తల్లి నీడ నుంచి బయటపడుతూ స్కార్లెట్ పాడే ‘బ్లాక్ రోజెస్’ను లూసీ ష్వార్జ్ రాశారు. ఈ రెండు పాటలనూ వెంట వెంటనే వింటే, తల్లుల గురించి కంట్రీ పాటల్లో వాడుకగా వినిపించే మెత్తదనం లేకుండా కూడా ఎంత చెప్పవచ్చో తెలుస్తుంది.

రెండవ సీజన్ నుంచి బర్నెట్ స్థానంలోకి బడీ మిల్లర్ వచ్చారు. ఆయన సమర్థుడే, ఆ కాలంలోనూ మంచి పాటలు వచ్చాయి. అయితే కథలో ప్రమాదాలు, కుట్రలు పెరిగిన కొద్దీ పాటకు దొరికే నిమిషాలు తగ్గాయి. పల్లవి పూర్తికాకముందే సన్నివేశం మారిపోయే పద్ధతి తరువాతి సీజన్లలో నాకు విసుగు కలిగించింది. అయినా ఆష్లీ రే, షాన్ మక్‌కానెల్ రాసిన ‘ఎ లైఫ్ దట్స్ గుడ్’ను రెండవ సీజన్ నుంచి దాచుకుంటూ వచ్చి, 2018 జూలై 26న ప్రసారమైన చివరి భాగాన్ని దానితోనే ముగించడం సరైన నిర్ణయం. పేరు ప్రఖ్యాతులు అక్కర్లేదు, మంచి బతుకు చాలు అని చెప్పే పాట అది.

ఇప్పుడు నా విన్నపం. పాటలు వినిపించే యాప్‌లలో వీటిని వెతికితే గాయకుల స్థానంలో ‘నాష్‌విల్ క్యాస్ట్’ అన్న పేరు ముందు కనిపిస్తుంది, దాని పక్కన నటుల పేర్లు ఉంటాయి. రచయితల పేర్ల కోసం లోపలికి వెళ్లి వెతుక్కోవాలి. అమెరికాలో మామూలు రేడియోలో పాట మోగినప్పుడు పాడినవారికి కాక రాసినవారికీ ప్రచురణకర్తలకూ మాత్రమే రుసుము చెల్లించే నియమం చాలాకాలంగా ఉంది. అక్కడి చట్టం రచయితకు ఇచ్చిన చోటు మన పరిచయ వ్యాసాల్లో లేకపోవడం విచిత్రంగా ఉంది. మీ పత్రికలో ఇకపై ఇటువంటి ధారావాహికల పాటల గురించి రాసేటప్పుడు, నటుడి పేరు పక్కన రచయిత పేరుకు కూడా ఒక్క అర వాక్యం చోటు కల్పించమని కోరుతున్నాను. ఈ పాటలు కొత్తగా వినదలచిన పాఠకులు 2012 డిసెంబరులో బిగ్ మెషీన్ సంస్థ విడుదల చేసిన మొదటి సీజన్ తొలి సంపుటంతో మొదలుపెట్టవచ్చు. తరువాత స్ట్రైకింగ్ మ్యాచెస్ ఆల్బమ్‌నూ, కేసీ మస్‌గ్రేవ్స్ సొంత ఆల్బమ్‌లనూ వింటే ఈ రచయితలు తమ కోసం దాచుకున్న పాటలు ఎలా ఉంటాయో తెలుస్తుంది.

భవదీయుడు,
మీ పాఠకుడు