రాత్రిపూట హైవే మీద పోలీసులేరీ?

సంపాదకులకు నమస్కారం.

ఆర్టీసీలో ముప్పై ఏళ్లు బస్సు నడిపి రిటైరయ్యాను. మాది పిడుగురాళ్ల. ఎదురుగా ఇంకో బస్సు వస్తే మార్జిన్‌లోకి దిగాల్సి వచ్చిన రోజుల నుంచీ అద్దంకి–నార్కెట్‌పల్లి రోడ్డు నాకు తెలుసు. అది నాలుగు వరసలయ్యాక హైదరాబాద్ నుంచి ఒంగోలు, నెల్లూరు, చెన్నై వెళ్లే బండ్లు చాలా వరకు విజయవాడ తగలకుండా ఇటే వస్తున్నాయి. పగలంతా సున్నం, సిమెంటు లారీలు. రాత్రయితే ట్రావెల్స్ బస్సులు. ఇంత రద్దీని చూసుకోవడానికి పోలీసులు ఎంతమంది ఉన్నారు, వాళ్ల దగ్గర బండ్లు ఎన్ని ఉన్నాయి అని ఎవరూ అడగడం లేదు. అందుకే ఈ ఉత్తరం.

ఒక శివరాత్రికి ముందు రోజు రాత్రి జరిగింది చెబుతాను. పెళ్లి మాటలకి వెళ్లి కారులో తిరిగి వస్తున్నాం. పదకొండు దాటింది. లైట్లు లేకుండా సగం రోడ్డు మీదే ఆపిన లారీని ఒక కుర్రాడు బైకుతో వెనక నుంచి గుద్దాడు. మేం చేరేసరికి స్పృహలోనే ఉన్నాడు గానీ కాలు చూడలేకపోయాం. హెల్మెట్ బైకుకే తగిలించి ఉంది. 108కి, 112కి ఫోన్ చేశాం. రెండు చోట్లా వెంటనే ఎత్తారు. అంబులెన్స్ పావుగంటలో వచ్చి అతన్ని తీసుకెళ్లింది. పోలీసులు రావడానికి ముప్పావు గంట పైనే పట్టింది.

ఆ ముప్పావు గంటా మా టెన్షన్ అంతా వెనక నుంచి వచ్చే బండ్ల గురించే. డ్రైవర్లకి తెలిసిన పద్ధతి ఒకటుంది. ఆకులున్న కొమ్మలు విరిచి, బాగా ముందు నుంచే రోడ్డు మీద పరుస్తాం. అదే చేశాం. మా తమ్ముడి కొడుకు ఫోన్ లైటు ఊపుతూ నిలబడ్డాడు. నూరు స్పీడులో వచ్చే బస్సుకి ఫోన్ లైటు ఎంత కనబడుతుందో నాకు తెలుసు కాబట్టి, వాణ్ణి అక్కడ నిలబెట్టినంతసేపూ నా గుండె దడదడలాడుతూనే ఉంది.

చివరికి ఒక హెడ్ కానిస్టేబుల్, ఒక హోంగార్డు వచ్చారు. వచ్చింది హెడ్ సొంత బైకు మీద. స్టేషన్‌కి ఉన్న ఒక్క జీపూ ముద్దాయిని తీసుకుని జైలుకి వెళ్లిందట. వాళ్ల దగ్గర రోడ్డు మీద పెట్టడానికి కోన్లు లేవు, వేసుకోవడానికి మెరిసే జాకెట్లు లేవు. ఒక టార్చి ఉంది. "పెద్దాయనా, పొద్దున ఆరింటికి ఎక్కిన డ్యూటీ ఇది. తెల్లారేలోపు కొండ దగ్గర బందోబస్తుకి పోవాలి" అన్నాడు హెడ్. కొండంటే మా కోటప్పకొండే, తిరునాళ్లకి. లారీని పక్కకి తీయించి, మా దగ్గర వివరాలు రాసుకుని, ఒంటిగంట దాటాక కదిలాడు. ఏ స్టేషనో రాయను. తప్పు ఆ మనిషిది కాదు.

2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. నరసరావుపేట కేంద్రంగా మా పల్నాడు జిల్లా వచ్చింది. అంతకుముందు మేం గుంటూరు రూరల్ ఎస్పీ కింద ఉండేవాళ్లం. మాచర్ల నుంచి ఎస్పీ ఆఫీసుకి పోయి రావాలంటే ఒక రోజు పని పోయేది. ఇప్పుడు ఎస్పీ దగ్గరికొచ్చారు, సంతోషమే. కానీ జిల్లా అన్నాక కంట్రోల్ రూమ్ కావాలి, స్పెషల్ బ్రాంచ్ కావాలి, ఆర్మ్‌డ్ రిజర్వు కావాలి, ఆఫీసులో కాగితాలు చూసేవాళ్లు కావాలి. మా బంధువుల్లో ఇద్దరు డిపార్ట్‌మెంట్‌లో ఉన్నారు. వాళ్లు చెప్పేదేంటంటే, స్టేషన్ రికార్డులో పేరున్న కానిస్టేబుళ్లలో కొందరు అటాచ్‌మెంట్ మీద వేరే చోట పనిచేస్తున్నారు. మిగిలినవాళ్లలో ఒకరు కోర్టుకి, ఒకరు సమన్లకి, ఒకరు స్టేషన్ రాతపని చూసే రైటర్‌గా పోతే రాత్రి గస్తీకి మిగిలేది ఎవరు?

పైగా మాది పల్నాడు. ఊళ్లో రెండు వర్గాలు కొట్టుకుంటే అక్కడ పోలీసు కాపలా (పికెట్) పెట్టాలి, నాయకుడు వస్తే కాన్వాయ్ చూసుకోవాలి. 2024 మే 13 పోలింగ్ తర్వాత మాచర్ల, నరసరావుపేట గొడవలతో జిల్లాలో 144 సెక్షన్ పెట్టారు. ఉన్న బలగమంతా అటే పోయింది. అదే వారం చిలకలూరిపేట మండలం పసుమర్రు దగ్గర, ఓటేసి హైదరాబాద్ తిరిగి వెళ్తున్నవాళ్ల బస్సు టిప్పర్‌ని ఢీకొని కాలిపోయింది. ఆరుగురు చనిపోయారు. పోలీసులు లేకపోవడమే దానికి కారణమని నేను అనను, అనడానికి నా దగ్గర ఆధారం లేదు. నేను అడిగేది ఒక్కటే. గొడవలున్న రోజుల్లో కూడా రోడ్డు నడుస్తూనే ఉంటుంది కదా. ఆ రోజుల్లో రోడ్డుకి ఎవరిని వదిలారు?

ఇది మా ఒక్క జిల్లా బాధ కాదు. హెల్మెట్ నిబంధన సరిగా అమలు కావడం లేదని వేసిన కేసులో 2024 డిసెంబరులో హైకోర్టు ముందుకు వచ్చిన లెక్కలు పేపర్లో చదివాను. ఆ ఏడాది జూన్ నుంచి సెప్టెంబరు వరకు హెల్మెట్ లేక చనిపోయినవాళ్లు 667 మంది. రాష్ట్రంలో ట్రాఫిక్ విధులకి 8 వేల మందికి పైగా కావాల్సి ఉంటే అప్పటికి 2 వేల మంది కూడా లేరు. హెల్మెట్ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా అని 2019 సెప్టెంబరు నుంచి చట్టంలో ఉంది. రాసేవాళ్లు లేకపోతే ఆ వెయ్యి ఎవరికి భయం?

జరిమానా రాసే దగ్గర కూడా ఒక మాట చెప్పాలి. తనిఖీలు ఎక్కువగా పట్టణం నడిబొడ్డున, పగలు పది, పదకొండు గంటలకి జరుగుతాయి. మార్కెట్‌కి వచ్చిన రైతు దొరుకుతాడు. ఆ వేళ ట్రాఫిక్‌లో ఎవడూ ముప్పై దాటి పోలేడు. మనుషులు చచ్చేది ఊరి బయట, పొద్దుగూకాక. తాగి నడిపేవాడు, దాబా ముందు లైట్లు తీసేసి లారీ ఆపేవాడు, రాంగ్ రూట్‌లో ట్రాక్టర్ తోలేవాడు, వీళ్లంతా రాత్రిపూటే. విజయవాడలో ట్రాఫిక్‌ని డ్రోన్లతో చూస్తున్నారని విన్నాను. బాగానే ఉంది. కానీ తాగినవాడి చేతిలోంచి ఆ రాత్రి బండి తాళం తీసుకోవడానికి మనిషి కావాలి, ఆ మనిషి అక్కడికి చేరడానికి బండి కావాలి.

కానిస్టేబుళ్ల భర్తీ సంగతి చూడండి. 6,100 పోస్టులకి 2022 నవంబరులో నోటిఫికేషన్ ఇచ్చారు. ప్రిలిమ్స్ 2023 జనవరిలో. చివరి రాత పరీక్ష 2025 జూన్‌లో. పోస్టుల్లో సివిల్‌వి 3,580, మిగతావి ఏపీఎస్పీ (రాష్ట్ర ప్రత్యేక పోలీసు) బెటాలియన్లవి. అంటే స్టేషన్లకి వచ్చేవాళ్లు ఆ 3,580 మందే, అదీ రాష్ట్రమంతటికీ కలిపి. ఇన్నేళ్లలో రిటైరైనవాళ్ల ఖాళీల మాటేమిటి? 2019 జూన్‌లో పోలీసులకి వారానికి ఒక సెలవు అన్నారు. మా బంధువుల పిల్లల ముఖాలు విరబూశాయి ఆ రోజు. మనుషులు చాలక అది ఎంతోకాలం నిలవలేదు. పద్దెనిమిది గంటలు నిలబడినవాడి చేతికి బ్రీత్ ఎనలైజర్ ఇస్తే వాడు మాత్రం ఏం చేస్తాడు? డ్రైవర్‌గా నాకు తెలుసు, నిద్ర లేని కన్ను ఎదురుగా ఉన్నదాన్ని కూడా చూడదు.

పై అధికారులకి నా విన్నపం ఇది. కొత్తగా వచ్చే కానిస్టేబుళ్లని, బండ్లని సబ్ డివిజన్లకి పంచేటప్పుడు జనాభా, కేసుల సంఖ్యతో పాటు ఆ పరిధిలో హైవే ఎన్ని కిలోమీటర్లుంది, రాత్రి ప్రమాదాలు ఎన్ని జరిగాయి అన్నది కూడా లెక్కలోకి తీసుకోండి. నరసరావుపేట, సత్తెనపల్లి, గురజాల సబ్ డివిజన్లలో హైవే మొబైల్ బండికి ఇచ్చిన సిబ్బందిని బందోబస్తుకి తీయొద్దు. తప్పనిసరై తీస్తే, ఆ రాత్రికి ఎవరిని పెట్టారో కంట్రోల్ రూమ్‌లో రాసి ఉండాలి. హైవే పక్కనున్న ప్రతి స్టేషన్‌కీ రెండో బండి ఇవ్వాలి. కోన్లు, మెరిసే జాకెట్లు, పెద్ద లైట్లు ఇవ్వడానికి మాత్రం బడ్జెట్ దాకా ఆగక్కర్లేదు, రేపే ఇవ్వొచ్చు.

ఆ కుర్రాడు బతికాడు. కాలికి రాడ్డు వేశారు, ఇంకా కుంటుతున్నాడు. మొన్న రాత్రి తొమ్మిదింటికి అదే చోటు మీదుగా వచ్చాను. లైట్లు లేకుండా మూడు లారీలు వరసగా ఆగి ఉన్నాయి. కారు ఆపించి, డ్రైవర్లని లేపి పార్కింగ్ లైట్లు వేయించి వచ్చాను. ఇంటికి చేరేదాకా ఆ దారిలో ఒక్క పోలీసు బండి ఎదురుపడలేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఆర్టీసీ డ్రైవర్,
పిడుగురాళ్ల, పల్నాడు జిల్లా