నడి సముద్రంలో గంటసేపటి గుడి

ప్రియ మిత్రమా,

నేను ఓడ ఎక్కడానికి ముందు రోజే నీ ఉత్తరం అందింది. క్షేమసమాచారాలన్నీ అయ్యాక చివరి వరుసలో నువ్వు వేసిన ప్రశ్న ఈ ప్రయాణమంతా నా వెంటే వచ్చింది. "అంత పెద్ద ఓడలో ఈతకొలనులు, నాటకశాలలు, దుకాణాలు ఉంటాయంటావు, మరి దేవుడికి చోటెక్కడ?" అని అడిగావు. వేళాకోళానికి అడిగావో, నిజంగానే అడిగావో తెలియదు గానీ, అట్లాంటిక్ మీద వారం రోజులు చేసే పనేమీ లేని నేను దాన్ని నిజంగానే తీసుకుని, ఎవరు ఎక్కడ ప్రార్థన చేసుకుంటున్నారో వెతుక్కుంటూ ఓడంతా తిరిగాను. ఇది ఆరో రాత్రి. ఎల్లుండి ఉదయం రేవు చేరతాం. ఈలోగా చూసినదంతా నీకు రాసేయాలని కూర్చున్నాను.

ముందుగా సూటి జవాబు చెబుతాను. నువ్వు ఊహించుకున్నట్టు, ఒక తలుపు, దాని మీద ఒక గుర్తు, లోపల ఎప్పుడూ నిశ్శబ్దం ఉండే గది చాలా విహారనౌకల్లో లేదు. ఉన్నది వేళ మాత్రమే, చోటు కాదు. రోజూ రాత్రి గది తలుపు దగ్గర మరునాటి కార్యక్రమాల పత్రం పెట్టి వెళతారు. అందులో నాట్యశిక్షణకూ, పేకాట పోటీకీ మధ్య ఒక చిన్న వరుసలో, ఫలానా గంటకు ఫలానా హాలులో ఆరాధన అని ఉంటుంది. ఆ గంట అయిపోగానే ఆ హాలు మళ్ళీ ఎప్పటి హాలే.

ఆదివారం ఉదయం పది గంటలకు నాటకశాలకు వెళ్ళాను. శనివారం రాత్రి ఆటపాటల్లో చల్లిన తళుకు కాగితాలు ముందువరుస కుర్చీల కింద ఇంకా మెరుస్తూనే ఉన్నాయి. ముందురాత్రి బారులో హుషారు పాటలు వాయించిన పియానో కళాకారుడే, ఈసారి కోటు గుండీలన్నీ పెట్టుకుని, కీర్తనల పుస్తకం ముందు కూర్చున్నాడు. చేతుల మీద నాలుగు బంగారు చారలతో కెప్టెన్ వచ్చి నిలబడ్డాడు. ఆయన పాస్టరు కాదు, ప్రసంగమూ చేయలేదు. బైబిలు భాగం చదివి, ప్రార్థనలు చెప్పి, సముద్రం మీద ఉన్నవారందరి కోసం వేడుకుని ముగించాడు. శాఖాభేదం లేకుండా క్రైస్తవులందరికీ కలిపి, సముద్రం మీద గడిపే ఆదివారాల్లో కెప్టెనే ఆరాధన నడిపించే ఈ ఆనవాయితీ బ్రిటిష్ ఓడల సంస్థ కునార్డ్ వారి ఓడల్లో ఎంతో కాలంగా వస్తోంది. చివర పాడినది 1860లో విలియం వైటింగ్ రాసిన నావికుల కీర్తన. సముద్రంలో ఆపదలో ఉన్నవారి కోసం మొరపెట్టుకునే ఆ పల్లవి నేల మీద వింటే ఒక మంచి పాట మాత్రమే. మూడో చరణంలో ఓడ ఒక పక్కకు మెల్లగా ఒరిగి, నిలబడి పాడుతున్న మూడువందల మందీ ఒకే వైపుకు వాలి, ముందు కుర్చీ పట్టుకుని, పాట ఆపకుండా మళ్ళీ నిటారయ్యారు. నాకు ఆ కీర్తన అర్థమైనది అప్పుడే.

ఆ కుర్చీలో కూర్చుని టైటానిక్ గురించి ఆలోచించకుండా ఉండడం నావల్ల కాలేదు. 1912 ఏప్రిల్ 14 కూడా ఆదివారమే. ఆ ఉదయం కెప్టెన్ స్మిత్ మొదటి తరగతి భోజనశాలలో ఆరాధన నడిపించాడు. ఫాదర్ థామస్ బైల్స్ రెండో తరగతి వారికీ, మూడో తరగతి వారికీ దివ్య బలిపూజ అర్పించాడు. సాయంత్రం రెవరెండ్ ఎర్నెస్ట్ కార్టర్ రెండో తరగతి భోజనశాలలో కీర్తనల కూడిక పెట్టాడు. రాత్రి పదకొండు గంటల నలభై నిమిషాలకు మంచుకొండ తగిలింది. అంత వైభవమున్న ఆ ఓడలో కూడా దేవుడికి దొరికినవి భోజనశాలల వంటి ఉమ్మడి గదులే, అదీ తరగతుల వారీగా!

అయితే ప్రత్యేక మందిరాలు ఎన్నడూ లేవనుకోకు. 1935లో ప్రయాణం మొదలుపెట్టిన ఫ్రెంచి ఓడ నార్మండీలో చాపెల్, అంటే చిన్న ప్రార్థనా మందిరం, ఉండేది. 1936లో వచ్చిన క్వీన్ మేరీలో యూదులకు ప్రత్యేకంగా ప్రార్థన గది కట్టారు. జర్మనీలో నాజీలు యూదులను వేటాడుతున్న రోజుల్లో, తమ ఓడలో అలాంటి వివక్ష లేదని లోకానికి చాటడం అందులోని ఉద్దేశం. 1969 నుంచి 2008 దాకా తిరిగిన క్వీన్ ఎలిజబెత్ 2 (క్యూఈ 2)లోనూ యూదుల మందిరం ఉండేది. వీటిలో నా మనసుకు పట్టినది నార్మండీ కథ. ఆ ఓడ నాశనమయ్యాక సామాను వేలం వేస్తే, దాని భోజనశాలకున్న ఎత్తైన కంచు తలుపులను న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో ఒక మారొనైట్ (లెబనాన్ మూలాలున్న కతోలిక శాఖ) చర్చివారు కొనుక్కున్నారు. ఓడల్లో భోజనశాలలు గుళ్ళవుతాయని ఇప్పుడే కదా చెప్పాను, ఇక్కడ భోజనశాల తలుపులు ఏకంగా గుడి ద్వారానికే ఎక్కాయి. అవర్ లేడీ ఆఫ్ లెబనాన్ అనే ఆ కతీడ్రల్‌కు వెళితే ఇప్పటికీ వాటిని చూడవచ్చు.

ఈ రోజుల్లో కొత్త ఓడల పటంలో "చాపెల్" అన్న మాట కనబడితే మాత్రం మురిసిపోకు. చాలావరకు అది పెళ్ళి మంటపం. 1998లో వచ్చిన గ్రాండ్ ప్రిన్సెస్‌లోనూ, 1999లో వచ్చిన వాయేజర్ ఆఫ్ ద సీస్ పైకప్పు మీదా కట్టినవి అలాంటివే. కెప్టెన్ అన్నవాడు ఎవరికైనా పెళ్ళి చేసేయవచ్చని మనం సినిమాలు చూసి అనుకుంటాం గానీ, ఆ అధికారం ఓడ ఏ దేశపు జెండా కింద నమోదైందో ఆ దేశపు చట్టం ఇవ్వాలి. బ్రిటిష్ జెండా కింద ఓడలో పెళ్ళి చెల్లదు, బెర్ముడా జెండా కింద చెల్లుతుంది. 2011లో కునార్డ్ తన ఓడల నమోదును సౌతాంప్టన్ నుంచి బెర్ముడాలోని హామిల్టన్‌కు మార్చుకున్న కారణాల్లో ఇదొకటి. పెళ్ళి కోసం జెండా మార్చిన సంస్థలున్నాయి గానీ, ప్రార్థన కోసం గది కట్టించేవి తక్కువే. దానికి వాళ్ళను తప్పుపట్టలేను. వారంలో ఒక గంట తప్ప తక్కిన కాలమంతా ఖాళీగా ఉండే గదికి సముద్రం మీద చోటు ఎవరిస్తారు?

చోటు కన్నా పెద్ద చిక్కు నిప్పు. నడి సముద్రంలో అగ్గి పుడితే పరుగెత్తి పోవడానికి వీధి ఉండదు. నార్మండీ పోయినది కూడా అలాగే. 1942 ఫిబ్రవరిలో న్యూయార్కు రేవులో, దాన్ని సైనికుల ఓడగా మారుస్తుండగా, ఇనుము కోసే మంట నుంచి రేగిన రవ్వలు గుట్టగా వేసిన రక్షణ జాకెట్ల మీద పడి అంటుకున్నాయి. అందుకే ప్రయాణికులు తేకూడని వస్తువుల జాబితాలో కత్తులతో పాటు కొవ్వొత్తులు, అగరువత్తులు కూడా ఉంటాయి. దీపం వెలిగించనిదే ప్రార్థన సాగదనుకునేవారు ఏ మతస్థులైనా సరే, ఓడెక్కగానే ముందు దానితోనే రాజీపడాలి.

శుక్రవారం సాయంత్రం పేకాట గదిలో అది కళ్ళారా చూశాను. అది యూదుల ప్రార్థన. వాళ్ళ మతగురువు రబ్బీ లేరు. ప్రయాణికులే నడుపుకునే సబ్బాతు (శుక్రవారం సాయంత్రం మొదలయ్యే విశ్రాంతి దినం) ప్రార్థన అని పత్రంలో వేశారు. ఆకుపచ్చ గుడ్డ పరిచిన బల్ల మీద తెల్లని దస్తీ వేసి, దాని మీద బ్యాటరీతో వెలిగే రెండు కొవ్వొత్తులు పెట్టారు. ఒక ముసలావిడ వాటి అడుగున మీట నొక్కి, నిజం మంట ముందు చేసినట్టే రెండు చేతులతో కళ్ళు మూసుకుంది. ఉమ్మడి ప్రార్థనకు పదిమంది కావాలి. పదిహేను నిమిషాలు తొమ్మిదిమందే ఉన్నారు. వాళ్ళలో ఒకాయన బయటికి వెళ్ళి, గ్రంథాలయంలో కునుకు తీస్తున్న పదో మనిషిని వెతికి పట్టుకొచ్చాడు. ఆ తర్వాత నాతో మాట్లాడుతూ, సబ్బాతు మొదలయ్యాక విద్యుత్ పరికరాలు వాడరాదు కనుక, ఎలక్ట్రానిక్ తాళం ఉన్న తన గది తలుపును అది ముగిసేదాకా తాను తెరవకూడదని నవ్వుతూ చెప్పాడు. వాళ్ళ మతగ్రంథమైన మిష్నాలో రబ్బాన్ గమాలియేలు అనే పూర్వకాలపు గురువు కథ కూడా ఆయనే చెప్పాడు. ఆయన ఎక్కిన ఓడ శుక్రవారం చీకటి పడ్డాక గానీ రేవులోకి రాలేదట. దిగవచ్చా అని తోటివారు అడిగితే, చీకటి పడకముందే మనం సబ్బాతు నాడు నడవదగిన హద్దులోకి వచ్చేశాం, నేను చూస్తూనే ఉన్నాను, దిగవచ్చు అన్నాడట. ఎలా చూశాడంటే, రెండువేల మూరల దూరం కొలిచే గొట్టం ఒకటి ఆయన దగ్గర ఉండేదని, మిష్నా మీద వ్యాఖ్యానం ఉన్న తల్ముదు చెబుతుంది. అంటే ఓడ మీద ధర్మసందేహం కొత్తదేమీ కాదన్నమాట.

హద్దు తెలిసినా వేళ తెలియడం కష్టం. పడమరకు పోయే ఓడలో గడియారాన్ని చాలా రాత్రులు గంట వెనక్కి తిప్పుతారు, కాబట్టి ఏ ఊరి పంచాంగమూ ఇక్కడ పనికిరాదు. సూర్యాస్తమయం ఎప్పుడో ఓడవాళ్ళు ప్రతిరోజూ లెక్కకట్టి చెప్పాల్సిందే. పసిఫిక్‌లో తేదీ మారే దినరేఖ దాటేటప్పుడు ఏకంగా ఒక రోజు మాయమైతే సబ్బాతు ఏనాడన్న దాని మీద రబ్బీల మధ్య ఏకాభిప్రాయమే లేదు.

దిక్కు సంగతి ఇంకా సరదాగా ఉంటుంది. భోజనాల బల్ల దగ్గర నా పక్కన కూర్చునే ముస్లిం దంపతులు రోజుకు ఐదు వేళలా తమ గదిలోనే నమాజు చేసుకుంటారు. గదిలోని టీవీలో ఓడ జాడ చూపించే ఛానల్ ఒకటుంది. ఓడ ఎన్ని డిగ్రీల దిశలో పోతోందో అందులో చూసి, దాన్నిబట్టి ఖిబ్లా, అంటే నమాజుకు మొహం తిప్పాల్సిన మక్కా దిక్కు, ఎటో తేల్చుకుంటారు. మేం పడమరకు పోతున్నాం కనుక మక్కా దాదాపుగా ఓడ వెనక్కి, నురగ గీత సాగిపోయే వైపుకు పడుతుంది. నమాజు మధ్యలో ఓడ మలుపు తిరిగిందని తెలిస్తే తామూ తిరగాలనీ, నిలబడితే పడిపోతామన్నంత ఊపు ఉంటే కూర్చుని చేయవచ్చనీ ఆయన చెప్పాడు. ప్రయాణికుడికి నాలుగు రకాతుల (నమాజులోని ఆవృత్తుల) నమాజును రెండుకు కుదించుకునే వీలుంది, శుక్రవారపు జుమా నమాజు విధి కాదు. ప్రయాణం కష్టమన్న సంగతి ధర్మశాస్త్రం రాసినవాళ్ళకు బాగా తెలిసినట్టుంది.

కతోలికులకు ఆ ఊపుతోనే ఒకప్పుడు పెద్ద ఇబ్బంది ఉండేది. పాత్రలోని ద్రాక్షారసం ఒలికిపోతే మహాపచారం కనుక, మధ్యయుగాల్లో ఓడల మీద రొట్టె, రసాలను ప్రతిష్ఠించకుండా ప్రార్థనలు మాత్రమే చదివే పొడి పూజ ఒకటి ఉండేది. ఇప్పుడు ఓడలు పెద్దవయ్యాయి, పూజ పూర్తిగానే చేస్తారు. మా ఓడలో ఉన్న ఫాదర్ విశ్రాంత గురువు. జీతం లేదు, ప్రయాణం ఉచితం, బదులుగా రోజూ పూజ చెప్పాలి, అంతే ఒప్పందం. నావికుల సేవకు 1920లో గ్లాస్గోలో మొదలైన కతోలిక సంస్థ, ఇప్పుడు స్టెల్లా మారిస్ అంటున్నారే, ఆ సేవాబృందంలో చాలా ఏళ్ళు రేవుల్లో పనిచేశాడట. "ప్రయాణికులు దిగిపోతే వాళ్ళ ఊళ్ళో చర్చి ఉంటుంది, కింది అంతస్తుల్లో పనిచేసే వాళ్ళకు నెలల తరబడి ఇదే ఊరు" అన్నాడు. నేను చూడాలని అడిగితే, అధికారుల అనుమతి తీసుకుని, ఆదివారం రాత్రి నన్ను తనతో కిందికి తీసుకెళ్ళాడు.

మిత్రమా, ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నది అసలు ఆ రాత్రి గురించి చెప్పడానికే. పైన తివాచీలు, కింద ఇనుప నేల. సిబ్బంది భోజనశాలలో పన్నెండు గంటలకు పూజ, ఎందుకంటే అంతకు ముందు ఎవరికీ పని తెమలదు. వడ్డన చేసేవాళ్ళు, గదులు సర్దేవాళ్ళు, వంటవాళ్ళు, యంత్రాల గదివాళ్ళు దాదాపు నలభై మంది. ఎక్కువమంది ఫిలిప్పీన్స్ వాళ్ళు. కొందరు ఇంకా తెల్ల కోటుతోనే ఉన్నారు. ఒకడి ముంజేతి మీద కాలిన మచ్చకు కొత్త పట్టీ ఉంది. స్టీలు బల్ల మీద, పళ్ళాలు జారకుండా వేసే రబ్బరు పట్టా పరిచి, దాని మీద తెల్లగుడ్డ, గుడ్డ మీద పాత్ర. ఫాదర్ ఒక చేయి పాత్ర మీదే ఉంచి పూజ సాగించాడు. పొద్దున్న నాటకశాలలో మూడువందల గొంతులు పాడినా ఇంత బలంగా లేదు. అడుగున యంత్రాల హోరు శ్రుతిపెట్టెలా ఒకే స్వరంలో మోగుతోంది, వాళ్ళు దానికి గొంతు కలిపినట్టు పాడారు. విన్నపాల వేళ ఒక్కొక్కరూ ఒక్కో పేరు చెప్పారు. పసిపిల్లల పేర్లని ఫాదర్ తర్వాత చెప్పాడు.

పూజ ముగిసి ఐదు నిమిషాలు కాకముందే గుడ్డ మడిచారు. ఆ పట్టీ కట్టుకున్న కుర్రవాడే రబ్బరు పట్టాను తిరగేసి తుడిచి, దాని మీద ఉదయం ఫలహారానికి కావలసిన పళ్ళాలు వరుసగా పేర్చడం మొదలుపెట్టాడు. ఫాదర్ తన పెట్టె మూసి, బుధవారం కూడా ఇదే వేళకు వస్తానని అందరికీ చెప్పాడు.

ఈ ఉత్తరం రేవులో దిగగానే డబ్బాలో వేస్తాను. జవాబు రాయి. ఈసారి మాత్రం ఇంత పెద్ద ప్రశ్న చివరి వరుసలో ఇరికించకు.

నీ
మిత్రుడు