బడ్జెట్ పుస్తకంలో మా వీధి ఎక్కడుంది? మున్సిపల్ శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రివర్యులకు నమస్కారములు.

నేను విజయవాడ సత్యనారాయణపురంలో నివసిస్తున్నాను. ముప్పై ఏళ్లపాటు ఇంటర్మీడియట్ విద్యార్థులకు వాణిజ్యశాస్త్రం బోధించి పదవీ విరమణ చేశాను. పన్ను కట్టే పౌరులు ఆ డబ్బు ఖర్చయిన తీరును తామే సరిచూసుకునే వీలు కల్పించమని కోరడానికి ఈ లేఖ రాస్తున్నాను. మా పేటలో కొందరం, అంటే నేనూ, ఒక విశ్రాంత ఓవర్‌సీరూ, ఇద్దరు గృహిణులూ, ఒక మందుల దుకాణం యజమానీ, ఆదివారాలు ఒకచోట కూర్చుని పట్టణ స్థానిక సంస్థల బడ్జెట్ పుస్తకాలు చదువుతున్నాం.

చదివినకొద్దీ మాకు అర్థమైనది ఏమిటంటే, బడ్జెట్ పద్దుల వారీగా ఉంటుంది, మనుషులు వీధుల వారీగా బతుకుతారు. మురుగు కాల్వల పద్దు కింద నగరం మొత్తానికి ఒకే అంకె కనిపిస్తుంది. అందులో మా డివిజన్ వాటా ఎంతో, మా సందు చివరి కాల్వకు ఏమైనా ఉందో లేదో ఆ పుస్తకం చెప్పదు. 64 డివిజన్లున్న నగరంలో ఆ ఒక్క అంకెను చూసి పౌరుడు అడగగలిగే ప్రశ్నంటూ ఏదీ ఉండదు.

నా దృష్టిలో బడ్జెట్ పుస్తకంలో అన్నిటికంటే ముఖ్యమైనవి పక్కపక్కన ఉండే మూడు వరుసలు: గత సంవత్సరపు వాస్తవ జమాఖర్చులు, నడుస్తున్న సంవత్సరపు సవరించిన అంచనాలు, రాబోయే సంవత్సరపు అంచనాలు. పత్రికల్లో పతాక శీర్షికలకెక్కేది మూడవ వరుస. నిజం ఉండేది మొదటి వరుసలో. వస్తాయని ఆశించిన గ్రాంట్లను ఆదాయంగా చూపి, వాటి మీద రోడ్లు, కాల్వల వంటి మూలధన పనులను పేర్చిన తర్వాత ఆ గ్రాంట్లు రాకపోతే, సవరించిన అంచనాల్లో అంకె మాత్రం తగ్గుతుంది గాని ఏ పని ఆగిపోయిందో ఎక్కడా ఉండదు. పని పూర్తయినా బిల్లు చెల్లించకపోతే నగదు లెక్కలో ఆ ఖర్చు కనిపించదు, ముగింపు నిల్వ చూడడానికి నిండుగానే ఉంటుంది. చెల్లించవలసిన బాకీలను ఆస్తి అప్పుల పట్టీతో కలిపి చూస్తేనే సంస్థ అసలు పరిస్థితి తెలుస్తుంది. ఇది మా పిల్లలకు మొదటి సంవత్సరంలోనే చెప్పే పాఠం, పౌరులకు చెప్పలేనంత కష్టమైనదేమీ కాదు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగినప్పుడు, ఆ వైపే ఉండే మా చెల్లెలి ఇంట్లో కూడా నీళ్లు నిలిచాయి. నీరు దిగాక తను నన్ను అడిగింది: "నువ్వు లెక్కల మాస్టారివి కదా అన్నయ్యా, మా వీధి కాల్వలో పూడిక తీయడానికి కిందటేడు ఎంత ఖర్చు పెట్టారో చెప్పు." బుడమేరు వేరు, వీధి కాల్వ వేరు, వాటిని చూసే శాఖలూ వేరని చెప్పగలిగాను గాని, తను అడిగిన దానికి జవాబు చెప్పలేకపోయాను. ఆనాటి నుంచి ఆ ప్రశ్న నన్ను వదలలేదు.

నేను కోరుతున్నది చట్టంలో లేనిదేమీ కాదు. 2005 నాటి సమాచార హక్కు చట్టం సెక్షన్ 4 ప్రకారం ప్రతి ప్రభుత్వ కార్యాలయమూ తన బడ్జెట్‌నూ, ప్రతిపాదిత ఖర్చులనూ, చెల్లింపుల నివేదికలనూ ఎవరూ అడగకముందే వెల్లడించాలి. అలా వెల్లడించేటప్పుడు స్థానిక భాషను దృష్టిలో పెట్టుకోవాలని కూడా అదే సెక్షన్ చెబుతోంది. పట్టణ సంస్థలు గ్రాంట్లు పొందాలంటే ఖాతాలను ఆన్‌లైన్‌లో పెట్టి తీరాలని 15వ ఆర్థిక సంఘం షరతు విధించింది. అయితే అలా పెట్టినవాటిలో మేము చూసినవి ఆంగ్లంలో, ఆడిటర్లకు మాత్రమే అర్థమయ్యే రూపంలో ఉన్నాయి. మా బృందంలో ఒకరు ఒక కార్యాలయాన్ని ఒకే ఒక్క కాల్వ పనికి సంబంధించిన ఎం-బుక్, అంటే పని కొలతలు రాసే పుస్తకం నకలు కోరితే, గడువులోగానే జవాబు వచ్చింది గాని అందులో ఉన్నది పద్దు మొత్తం మాత్రమే. పొడవు, వెడల్పు, లోతు రాసి ఉన్న ఆ కొలతల పుస్తకం చేతికందితే, మా ఓవర్‌సీరు గారు టేపు పట్టుకుని ఒక్క పూటలో సరిచూసేవారు.

ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీని 2006లోనే చేపట్టి, 2009లో అందుకోసం ప్రత్యేక సంస్థను ఏర్పాటు చేసిన రాష్ట్రం మనది. చెరువులో తవ్విన మట్టి లెక్కను పల్లె కూలీలు బహిరంగ సభలో విని, కాదంటే కాదని చెప్పగలిగినప్పుడు, పట్నంలో వేసిన సిమెంటు రోడ్డు లెక్కను అక్కడివారికి అలా ఎందుకు చదివి వినిపించకూడదు? పుణె నగరంలో 2006 నుంచి పౌరులు తమ వార్డు పనులను బడ్జెట్‌కు ముందే సూచిస్తున్నారు.

లెక్కలు బయటపెడితే ఫిర్యాదులు పెరిగి పనులు ఆగిపోతాయన్న భయం అధికారుల్లో ఉందని నాకు తెలుసు, దాన్ని తేలికగా కొట్టిపారేయను. సిబ్బంది తక్కువగా ఉన్నచోట ఇది అదనపు భారమే. కానీ కొలతలన్నీ అందరికీ కనిపించేలా గోడమీద అంటించి ఉన్నప్పుడు, సక్రమంగా పనిచేసిన ఇంజినీరు మీద ఎవరూ వట్టి మాటలతో నింద వేయలేరు.

కాబట్టి బడ్జెట్ ముసాయిదాను కౌన్సిల్ సమావేశానికి కనీసం 15 రోజుల ముందు డివిజన్ల వారీగా, తెలుగులో ప్రతి వార్డు సచివాలయం గోడమీద అంటించేలా ఉత్తర్వులు ఇవ్వండి. పని పేరు, వీధి, అంచనా మొత్తం, కాంట్రాక్టరు, ఎం-బుక్ కొలతలు, చెల్లించినదీ చెల్లించవలసినదీ ఒకే పట్టికలో ఉండాలి. అవే ప్రతులు గ్రంథాలయాలకూ పంపండి. ఆస్తి పన్నుతో పాటు మేము గ్రంథాలయ సెస్సు కూడా కడుతున్నాం. పైగా 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది ఈ ఊళ్లోనే. ఆ బల్లల మీద దినపత్రికల పక్కన నగరం లెక్కల పుస్తకం ఉండడం ఎంతో సముచితంగా ఉంటుంది.

మరొక్క మనవి. మా ఇళ్లకు వచ్చే ఆస్తి పన్ను నోటీసు వెనుక వైపు, గత సంవత్సరం మా డివిజన్‌లో వసూలైన పన్ను ఎంతో, అక్కడే ఖర్చయినది ఎంతో రెండు వరుసల్లో అచ్చు వేయించండి. వచ్చే నోటీసు అందగానే దాన్ని తీసుకుని మా చెల్లెలి దగ్గరికి వెళ్లాలని ఉంది.

భవదీయుడు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు,
సత్యనారాయణపురం, విజయవాడ