నవంబరు 8 ఫిడేలు నాయుడుగారి రోజు కావాలి

సంపాదకుల వారికి నమస్కారం.

ఫిడేలు విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడుగారి జయంతిని ప్రభుత్వమే జరపాలని సంగీతాభిమానులు కోరినట్టు పోయిన వారం మీ జిల్లా పేజీలో, ఒక మూల, నాలుగు లైన్ల వార్త వేశారు. ఎవరైనా పెద్దమనుషులు స్పందిస్తారేమోనని ఇన్నాళ్లు చూశాను. ఒక్కరూ నోరు విప్పలేదు. పైగా నిన్న సాయంత్రం గంటస్తంభం దగ్గర కలిసిన ఒకాయన "ఉన్న దినోత్సవాలు చాలవా, ఇంకొకటి ఎందుకు?" అన్నాడు. ఆ మాట విని రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

నాయుడుగారు పుట్టింది బెంగళూరులో, 1893 నవంబరు 8న. పెరిగింది విశాఖలో. చూపు సరిగా ఆనక చదువు మధ్యలోనే ఆగిపోయింది. అన్నగారు వెంకటకృష్ణయ్య దగ్గర ఫిడేలు నేర్చుకున్నారు. 1919లో మా విజయనగరంలో మహారాజావారి సంగీత కళాశాల పెట్టినప్పుడు విద్యార్థిగా చేరదామని వచ్చారట. ఆయన వాయిద్యం విన్న కళాశాల తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసుగారు "నువ్వు నేర్చుకోవడమేమిటి, నేర్పాలి" అని అధ్యాపకుడిగా తీసుకున్నారని మా పెద్దవాళ్లు చెప్పేవారు. అప్పటికి ఆయన వయసు పాతికేళ్లు. సంస్థానంలో పనిచేసే ఒకాయన కొడుకు, చూపు లేని కుర్రవాడు, సంగీతం నేర్చుకుంటానంటే మహారాజావారు ఆ కళాశాల పెట్టారని కూడా చెప్పుకుంటారు. అలాంటి కళాశాలకి, చూపు చాలక బడి మానేసిన మనిషి 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. ఈ సంగతి మా ఊరి పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

అప్పటివరకు ఫిడేలు అంటే ఎక్కువగా పక్కవాద్యమే. పాడేవారి పక్కన కూర్చుని, వాళ్ల వెనకే నడవాలి. నాయుడుగారు ఒక్కరే కూర్చుని, ఫిడేలే కచేరీ చేసేలా వాయించారు. ఫిడేలు తీగల మీద లాగే కమాను మీద ఆయనకున్న పట్టు గురించి విన్నవాళ్లు చెబుతుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. మద్రాసు మ్యూజిక్ అకాడమీ 1941లో సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. 1957లో పద్మశ్రీ వచ్చింది. శతజయంతి ఏడాది, 1993లో, తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది. ప్రపంచమంతా పేరున్న ఫిడేలు విద్వాంసుడు యెహూది మెనూహిన్ మద్రాసు వచ్చినప్పుడు ఆయన వాయిద్యం విని ఆశ్చర్యపోయారు. ఇంత జరిగాక కూడా మా ఊళ్లో జయంతి నాడు నేను చూస్తున్నది ఏమిటంటే, పదిమంది ముసలివాళ్లం తలా కొంత వేసుకుని పూలదండ కొని, అద్దెకి మైకు తెచ్చుకుని, అధికారులు ఎవరైనా వస్తారేమోనని మధ్యాహ్నం దాకా కాచుకుని కూర్చోవడం. ఆ పదిమందిలో ఏటా ఒకరు తగ్గిపోతున్నారు. మేం పోయాక ఆ దండ ఎవరు వేస్తారన్నదే నా టెన్షన్.

కొన్నేళ్ల కిందట ఇదే విషయం మీద అర్జీ పట్టుకుని ఒక కార్యాలయానికి వెళ్లాను. అక్కడి ఉద్యోగి కాగితం చూసి "ఏ ద్వారం అండీ, కోట ద్వారమా?" అని అడిగాడు. అది ఆయన ఇంటిపేరు అని చెప్పాను. "అయితే ఆ సెక్షన్‌లో ఇవ్వండి" అన్నాడు. ఆ సెక్షన్‌లో ఇంకో సెక్షన్ చూపించారు. మూడు రోజులు తిరిగాక కాగితం తీసుకున్నారు గానీ ముద్ర వేసి నకలు ఇవ్వమంటే కుదరదన్నారు. ఈ రోజుకీ జవాబు లేదు. ఆ కుర్ర ఉద్యోగి మీద నాకు కోపం లేదు. వాడికి ఎవరు చెప్పారు గనక? మా మనవరాలి బళ్లో టైమ్‌టేబుల్‌లో సంగీతం పీరియడ్ ఉంది. ఆ గంటలో లెక్కలు చెబుతారు. పరీక్షలు దగ్గరపడితే డ్రాయింగ్, ఆటల పీరియడ్‌లు కూడా పోతాయి. ఇలా పెరిగిన పిల్లలే రేపు ఆఫీసర్లయి ఆ కుర్చీల్లో కూర్చుంటారు.

దినోత్సవాలు ఎక్కువైపోయాయి అనేవారికి ఒకటే చెబుతాను. గిడుగు రామమూర్తిగారి పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవం చేశారు కాబట్టే, ఆ ఒక్కరోజైనా ప్రతి బడిలో ఆయన పేరు వినపడుతోంది. గాయకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంగారు 2020లో కన్నుమూస్తే, అదే ఏడాది నెల్లూరు ప్రభుత్వ సంగీత పాఠశాలకి ఆయన పేరు పెట్టారు. ఎంతో మంచి పని, చేతులెత్తి దండం పెట్టాను. మనసు పెడితే ప్రభుత్వం ఎంత తొందరగా చేయగలదో అప్పుడు చూశాం కదా! నాయుడుగారు 1964లో వెళ్లిపోయారు. ఇంకా ఎన్నేళ్లు ఆగాలి?

తిరువాయూరులో త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించడానికి బెంగళూరు నాగరత్నమ్మగారు తన నగలు, ఆస్తి ధారపోశారు. అలాంటి మహాతల్లి ప్రతి ఊళ్లో పుట్టదు. అందుకే ప్రభుత్వ ఉత్తర్వు కావాలంటున్నాను. ఉత్తర్వు ఉంటే బడ్జెట్‌లో ఒక పద్దు ఉంటుంది, ఏ ఆఫీసర్ మారినా ఆ తేదీ కేలండర్‌లో ఉంటుంది, చందా బుక్కు పట్టుకుని గుమ్మం గుమ్మం తిరగక్కర్లేదు.

అయితే ఫ్లెక్సీలు, శాలువాలు, గంటన్నర ఉపన్యాసాలు మాత్రం వద్దు. నాయకుల ఫొటోలు పెద్దవిగా, నాయుడుగారి ఫొటో మూలన స్టాంపంత వేసే పనైతే అసలు జరపకండి. ఆ రోజు జిల్లాలోని పిల్లల్ని బ్యాచ్‌లుగా సంగీత కళాశాలకి తీసుకురండి. ఘంటసాలగారు, సుశీలమ్మగారు నేర్చుకున్న చోటు ఇదేనని చూపించండి. ప్రతి పిల్లకీ, పిల్లాడికీ ఒక్క నిమిషం ఫిడేలు చేతికిచ్చి కమాను లాగనివ్వండి. గీరుమని మోగినా ఫరవాలేదు. నాయుడుగారి పాత రికార్డింగులు బళ్లలో, బస్టాండులో, రైల్వే స్టేషన్‌లో వినిపించండి. కళాశాలలో చదివే పిల్లల్లో వాయిద్యం కొనుక్కోలేనివారికి ఆ వేదిక మీదే ఫిడేలు ఇవ్వండి. దీనికి కోట్లు అక్కర్లేదు.

మీ పత్రికకి కూడా ఒక విన్నపం. ఈసారి ఆ వార్త మూలన వేయకండి. ఉత్తర్వు వచ్చినా రాకపోయినా నవంబరు 8 ఉదయం దండ పట్టుకుని నేను జయంతి జరిపే చోట ఉంటాను. ఈ ఏడు మా మనవరాలిని బడి మాన్పించి వెంట తీసుకొస్తాను.

ఇట్లు,
ఒక పాత పాఠకుడు,
విజయనగరం