వెబ్ సిరీస్‌కూ విమర్శ కావాలి

సంపాదకులు గారికి నమస్కారాలు.

ప్రతి శుక్రవారం మీ సినిమా పేజీలో ఓటీటీ విడుదలల పట్టిక వేస్తున్నారు. ఏ సిరీస్ ఏ తేదీన, ఏ వేదికలో, ఏయే భాషల్లో వస్తుందో అందులో ఉంటుంది. అంతకుమించి ఒక్క వాక్యం ఉండదు. నవల వెలువడితే సమీక్ష వేస్తారు. పరిషత్తులో నాటకం ఆడితే కథ మీద, నటన మీద, రంగాలంకరణ మీద నాలుగు మాటలు రాయిస్తారు. ఎనిమిది పది గంటలు సాగే కథ, ఇంటిల్లిపాదీ చూస్తున్న కథ మాత్రం కూరగాయల ధరల పట్టికలా అచ్చవుతోంది. ఇది మీ ఒక్క పత్రిక లోపం కాదు. మా ప్రాంతపు కళాశాలలూ గ్రంథాలయాలూ అలాగే ఉన్నాయి. దిద్దుబాటు పత్రికలో మొదలైతే మిగతావారూ కదులుతారన్న నమ్మకంతో రాస్తున్నాను.

నేను పర్లాకిమిడిలో చాలా ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఇటు చేరిన ఊరు మాది. పొలిమేర దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. ఇక్కడి తెలుగు ఇళ్లలో తెలుగు మాట్లాడతారు, పిల్లలు బడిలో ఒడియా చదువుతారు. చాలామంది పిల్లలకు తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. వాళ్లు గంటల తరబడి తెలుగు వింటున్నది ఎక్కువగా తెలుగు డబ్బింగ్ అయిన సిరీస్‌లలోనే. కాబట్టి ఈ సంగతి మాకు మరింత దగ్గరిది. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు కూడా ఇదే. జనం మాట్లాడే తెలుగుకు పుస్తకంలో చోటు లేదని పండితులు అన్నప్పుడు ఆయన ఊరుకోలేదు. చుట్టుపక్కల కొండల్లోని సవరల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. జనం దగ్గరున్నదాన్ని చదువుగా గుర్తించమని అడగడం మా ఊరికి కొత్త కాదు.

మా వీధిలో డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి చివరి సంవత్సరం ప్రాజెక్టుకు ‘స్ట్రేంజర్ థింగ్స్’ అనే అమెరికన్ సిరీస్‌ను ఎంచుకుంది. దాన్ని ఎలా తీశారు, అది ఏ జానర్‌కు, అంటే ఏ రకం కథలకు చెందుతుంది, దాని మీద ఎవరి ప్రభావం ఉంది అన్నవి పరిశీలిస్తానంది. పొద్దుపోక చూసేదాని మీద పరిశోధన ఏమిటని ఆమె కళాశాలలో తిప్పి పంపారు. ఆమె రాసుకున్న నోట్సు నాకు తెచ్చి చూపించింది. అది చదివి, మొదటి సీజన్ ఎనిమిది భాగాలూ చూశాను. ఇందులో చదువుకోవలసింది లేదన్న మాటను నేను ఒప్పుకోలేను.

ఈ సిరీస్‌ను సృష్టించిన మాట్ డఫర్, రాస్ డఫర్ కవల సోదరులు. 1984లో నార్త్ కరోలినా రాష్ట్రంలో పుట్టారు. కథ మొదలయ్యేది 1983 నవంబరులో, ఇండియానా రాష్ట్రంలోని హాకిన్స్ అనే కల్పిత పట్టణంలో. అంటే తాము పుట్టని కాలాన్ని తెర మీద కట్టారు. ఆ కాలం వాళ్లకు అందింది సినిమాల నుంచి, నవలల నుంచి. స్టీవెన్ స్పీల్‌బర్గ్ చిత్రాల్లో సైకిళ్ల మీద తిరిగే పిల్లలు, స్టీఫెన్ కింగ్ నవలల్లో చిన్న ఊరిని కమ్ముకునే భయం, జాన్ కార్పెంటర్ చిత్రాల్లో మోగే సింథసైజర్ అనే ఎలక్ట్రానిక్ వాద్యం. ఆ రోజులను ఎంత సహజంగా చూపించారో అని చూసేవాళ్లు మెచ్చుకుంటారు. నిజానికి మనం చూస్తున్నది ఆ రోజుల్లో వచ్చిన సినిమాల నీడ. ఆ అమ్మాయి నోట్సులో ఈ గమనిక ఒక్కటే ఉన్నా ప్రాజెక్టును అంగీకరించవచ్చు.

పైగా ఆ సోదరులు తమ అప్పును దాచుకోలేదు. నిర్మాతలకు చూపడానికి తయారుచేసిన పుస్తకాన్ని పాత స్టీఫెన్ కింగ్ నవల అట్టలా రూపొందించారు. పాతికకు పైగా సినిమాల తునకలు కలిపి నమూనా ట్రైలర్ కట్టారు. పేర్లు పడేటప్పుడు కనిపించే ఎర్రటి అక్షరాలు కూడా ఆ నవలల అట్టలను గుర్తుచేయాలని ఎంచుకున్నవే. పాత్రల ఎంపికకు 906 మంది అబ్బాయిలను, 307 మంది అమ్మాయిలను పరీక్షించారు. వచ్చిన పిల్లలతో చదివించినవాటిలో స్టీఫెన్ కింగ్ కథ ఆధారంగా 1986లో వచ్చిన ‘స్టాండ్ బై మీ’ సినిమా సంభాషణలు ఉన్నాయి. ప్రభావం అంటే ఏదో గాలివాటంగా సోకేది అని మనం పిల్లలకు చెబుతుంటాం. ఇక్కడ అది అట్ట మీద బొమ్మ దగ్గర నుంచి నటుల ఎంపిక వరకు పనిగట్టుకుని చేసిన నిర్ణయాల వరుసగా కనబడుతుంది. మన ప్రబంధాల మీద పరిశోధన చేసేవారు పూర్వకవి నుంచి ఏది తీసుకున్నారు, దాన్ని ఎలా మార్చారు అని వెతికేది ఇదే పద్ధతిలో కదా.

డబ్బు సంగతి కూడా చదువులో భాగమే. ఈ కథను పదిహేను ఇరవై చోట్ల తిరస్కరించారని ఆ సోదరులే చెప్పారు. పిల్లలు ప్రధాన పాత్రలైతే పిల్లల కార్యక్రమంగా మార్చమన్నవారున్నారు. పిల్లలను తీసేసి పోలీసు అధికారి పరిశోధనగా రాయమన్నవారున్నారు. చివరకు దర్శక నిర్మాత షాన్ లెవీ నిర్మాణ సంస్థ ముందుకు రావడం, నెట్‌ఫ్లిక్స్ తీసుకోవడం జరిగాయి. 2016 జూలై 15న ఎనిమిది భాగాలూ ఒకేసారి విడుదలయ్యాయి. ప్రతి భాగానికీ పుస్తకంలోలా అధ్యాయం సంఖ్య, పేరు ఉంటాయి. వారానికొక భాగం, నడుమ ప్రకటనలు అనే పద్ధతి ఉంటే కథ ఈ ఆకారంలో ఉండేదా? కథ రాసేవాడి ఊహను డబ్బు పెట్టేవాడి లెక్క ఎక్కడ వంచింది, ఎక్కడ వదిలేసింది అన్నది సాహిత్య విద్యార్థి తప్పక అడగవలసిన ప్రశ్న. మన రాజుల కాలపు కావ్యాల విషయంలో అడుగుతున్నాం కాబట్టి దీని విషయంలోనూ అడగాలి.

మొదట ఈ కథను న్యూయార్క్ దగ్గరి మాంటాక్ అనే సముద్రతీరపు ఊళ్లో నడపాలనుకున్నారు. సిరీస్ పేరు కూడా అదే అనుకున్నారు. చలికాలంలో అక్కడ చిత్రీకరణ కష్టమని ఊరు మార్చి, జార్జియా రాష్ట్రంలో అట్లాంటా చుట్టుపక్కల తీశారు. చిత్రీకరణలకు పన్ను రాయితీలు బాగా ఇచ్చే రాష్ట్రం అది. తెర మీద ఇండియానా అని కనబడేది నేల మీద జార్జియా. ఇక కథలో ఆ పట్టణం దగ్గర మనుషుల మీద ప్రయోగాలు చేసే ఒక రహస్య ప్రయోగశాల ఉంటుంది. దానికి చరిత్రలో ఆధారముంది. అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ 1953లో ఎంకే-అల్ట్రా అనే కార్యక్రమం మొదలుపెట్టి, కొందరు మనుషులకు వారికి తెలియకుండానే మత్తుమందులిచ్చి మనసును లొంగదీసే ప్రయోగాలు చేసింది. 1975లో విచారణలు జరిగినప్పుడు అది లోకానికి తెలిసింది. రాజనీతి శాస్త్రం చదివే విద్యార్థికి కూడా ఇక్కడ పని ఉంది.

ఊరు మార్చారన్న ఈ చిన్న వివరం సరిహద్దు జిల్లాల వాళ్లం పట్టించుకోవలసినది. మల్కన్‌గిరి, కోరాపుట్, రాయగడ, అటు మహారాష్ట్రలో గడ్చిరోలి. ఈ పేర్లు తెర మీద వినబడ్డాయంటే చాలావరకు అడవి, తుపాకి, పేలుడు. ఆ కథను ఎక్కడ తీశారు, గ్రామస్థులుగా ఎవరిని నిలబెట్టారు, అక్కడి గిరిజన భాషలైన కువి గాని సవర గాని గోండి గాని తెలిసినవారిని ఒక్కరినైనా అడిగారా, ఈ ప్రశ్నలు వేయడం మన పిల్లలకు ఎవరూ నేర్పలేదు. ఒడిశా ప్రభుత్వం 2019లో చలనచిత్ర విధానం ప్రకటించింది. చిత్రీకరణ బృందాలు రేపు మా కొండల్లోకి ఇంకా ఎక్కువగా రావచ్చు, రావాలి కూడా. వచ్చినవారు తీసిన దాన్ని బేరీజు వేయగలిగిన చూపు ఇక్కడివాళ్లకు ఉండాలి. ఈ లేఖ రాయడానికి అన్నిటికన్నా పెద్ద కారణం ఇదే.

ప్రభావాన్ని చూపితే పిల్లలు ‘కాపీ’ అని తేల్చేస్తారని ఒక అధ్యాపక మిత్రుడు భయపడ్డారు. ఆ తేడా చెప్పడానికే తరగతి గది ఉంది. మాంటాక్ కథ ఆలోచన తనదేనని చార్లీ కెస్లర్ అనే దర్శకుడు 2018లో డఫర్ సోదరుల మీద దావా వేసి, 2019లో విచారణకు ముందు ఉపసంహరించుకున్నారు. ఆలోచన ఎవరి సొత్తు, దాన్ని నడిపిన తీరు ఎవరి సొత్తు అన్న చర్చకు ఇంతకన్నా మంచి ఉదాహరణ ఏముంటుంది? ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే మా పొరుగున గంజాం జిల్లాలో ఆడే ప్రహ్లాద నాటకం ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో జలంతర రాజు పేరు మీద వెలసిన ఒడియా నాటకం అది. మెట్లు మెట్లుగా కట్టిన వేదిక మీద హిరణ్యకశిపుడు ఎక్కుతూ దిగుతూ గర్జిస్తుంటే, పాటలో ఒకచోట ఒడిస్సీ రాగం, ఒకచోట కర్ణాటక రాగం, మరొకచోట జానపదం వినిపిస్తాయి. యక్షగానం, వీధి భాగవతం తెలిసిన తెలుగువారికి ఆ చుట్టరికం ఇట్టే తెలుస్తుంది. దాన్ని ఎవరూ కాపీ అనరు. రాత్రంతా కూర్చుని చూస్తారు.

పిల్లలు చదువు మానేసి ఇవే చూస్తున్నారు, మళ్లీ వీటికి చదువు పేరు పెట్టాలా అనే తల్లిదండ్రుల బాధ నాకు తెలుసు. నేను చిన్న తరగతుల గురించి మాట్లాడటం లేదు. ఈ సిరీస్‌లో భయపెట్టే దృశ్యాలు, హింస ఉన్నాయి, చిన్నవాళ్లకు వద్దు. డిగ్రీ విద్యార్థులు ఎలాగూ చూస్తున్నారు. ఒక్క రాత్రిలో ఎనిమిది భాగాలు మింగేవాడిని ఒక దృశ్యం దగ్గర ఆపి, ఇక్కడ సంగీతం ఎందుకు ఆగింది అని అడిగితే వాడు మళ్లీ చూస్తాడు. రెండోసారి చూసేటప్పుడు చూపు వేరుగా ఉంటుంది. అమెరికన్ సిరీసే ఎందుకని అడిగేవారికి నా జవాబు చిన్నది: దాని గురించి తీసినవారే విస్తారంగా మాట్లాడారు కాబట్టి నేర్చుకోవడం సులువు. నేర్చుకున్నది తర్వాత మన సిరీస్‌ల మీద ప్రయోగించాలి.

మీ నుంచి కోరుతున్నది ఎక్కువేమీ కాదు. నెలకొకసారి అర పేజీ కేటాయించండి. నక్షత్రాల లెక్క అక్కరలేదు, నటీనటుల పెళ్లి కబుర్లు అక్కరలేదు. ఒక సిరీస్‌ను తీసుకుని, దాన్ని ఎవరు ఏ డబ్బుతో ఎక్కడ తీశారో, అది ఏ కథల వంశానికి చెందుతుందో, ఎవరి దగ్గర ఏం తీసుకుని ఏం మార్చిందో తేట తెలుగులో రాయించండి. బరంపురం, రాయగడ, గుణుపురం, సిరొంచ, దెగ్లూరు వంటి ఊళ్ల తెలుగువారికి కూడా అందులో రాసే అవకాశం ఇవ్వండి. గ్రంథాలయాల్లో సిరీస్‌లు ప్రదర్శించమని అడగడం లేదు. దానికి హక్కుదారుల అనుమతి కావాలి. ఎవరి ఇంట్లో వారు చూసి, మీ వ్యాసం చదివి, ఒక సాయంత్రం కలిసి మాట్లాడుకుంటారు. కళాశాలల పెద్దలకు కూడా మీ సంపాదకీయం ద్వారా ఒక మాట చెప్పండి: విషయాన్ని చూసి కాదు, విద్యార్థి చేసిన పనిని చూసి ప్రాజెక్టును అంగీకరించమనండి.

ఆ అమ్మాయి తన నోట్సును తెలుగులో వ్యాసంగా రాయడానికి ఒప్పుకుంది. అక్షరదోషాలు దిద్ది పంపే బాధ్యత నాది. ఎంత నిడివి ఉండాలో, ఏ తేదీలోగా అందాలో తెలియజేయగలరు.

ఇట్లు,
విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా