ఏఐ రాసింది సరే, చదివి చూసిందెవరు?

సంపాదకులకు నమస్కారం,

ఈమధ్య పేపర్లో ఏఐ మీద వచ్చేవన్నీ చదువుతున్నాను, ఎక్కువగా ఉద్యోగాలు పోతాయా, డీప్‌ఫేక్ వీడియోలు గుర్తుపట్టడం ఎలా, ఇవే ఉంటున్నాయి. అవి అవసరమే, కాదనను. కానీ పైసా జీతం లేకుండా రాత్రిళ్ళు కూర్చుని ఏఐ రాసి పడేసిన తప్పుల్ని ఏరి తీసేసేవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళ గురించి ఎక్కడా రాసినట్టు నాకు కనబడలేదు. నేను తెలుగు వికీపీడియాలో, మేం తెవికీ అంటాం, రాస్తుంటాను, అందుకే ఈ ఉత్తరం.

ముందు ఇంగ్లీష్ వికీపీడియా వాళ్ళు ఏం చేశారో చెప్తాను. 2023 డిసెంబర్‌లోనే అక్కడి వాలంటీర్లు కొందరు ఏఐ రాతల్ని వెతికి శుభ్రం చేయడానికి విడిగా ఒక గ్రూపు పెట్టుకున్నారు. అప్పటికే అంబర్లిసిహార్ అని ఒక ఒట్టోమాన్ కోట మీద రెండువేల పదాలకు పైగా ఉన్న వ్యాసం నెలల తరబడి సైట్లో ఉండిపోయింది, కట్టడం ఎలా జరిగింది, ముట్టడి ఎలా జరిగింది, మరమ్మతులు ఎవరు చేయించారు అన్నీ ఉన్నాయి, కోట మాత్రం లేదు, ఎప్పుడూ లేదు. మధ్యమధ్యలో చరిత్రలో నిజంగా ఉన్న మనుషుల పేర్లు కూడా కలిపేసరికి చదివిన వాళ్ళెవరికీ అనుమానం రాలేదు.

మామూలుగా అక్కడ ఒక వ్యాసం తీసేయాలంటే వారం రోజులు చర్చ పెట్టాలి. ఏఐతో వ్యాసం పుట్టించడానికి ఒక్క నిమిషం చాలు, దాన్ని తీసేయడానికి పదిమంది వారం పాటు వాదించుకోవాలంటే ఎవరు నిలబడతారు చెప్పండి. అందుకని 2025 ఆగస్టులో కొత్త రూల్ తెచ్చారు, మనిషి చదివి చూడకుండా ఏఐ నుంచి తెచ్చి పెట్టేశారని స్పష్టంగా తెలిస్తే నిర్వాహకులు చర్చ లేకుండానే తీసేయొచ్చు. స్పష్టంగా అంటే ఏంటో కూడా రాసుకున్నారు, "మీరు అడిగిన వ్యాసం ఇదిగో" లాంటి చాట్‌బాట్ మాటలు అలాగే మిగిలిపోవడం, లేని పుస్తకాలు, తెరిస్తే ఎక్కడికీ పోని లింకులు, లెక్క కుదరని ఐఎస్‌బీఎన్ నంబర్లు, అంటే ప్రతి పుస్తకానికీ విడిగా ఇచ్చే గుర్తింపు నంబర్లు. ఐఎస్‌బీఎన్‌లో చివరి అంకె ముందున్న అంకెల లెక్కనుంచి వస్తుంది కాబట్టి నోటికొచ్చిన నంబర్ పెడితే చాలావరకు దొరికిపోతారు. నాకు ఈ రూల్‌లో బాగా నచ్చింది ఏంటంటే, భాష చూసి, శైలి చూసి తీసేయమనలేదు. శైలి అనుమానించడానికి పనికొస్తుంది, తీర్పు చెప్పడానికి కాదు.

ఇది ఎందుకు ముఖ్యమో స్టాక్ ఓవర్‌ఫ్లోలో జరిగింది చూస్తే తెలుస్తుంది, ప్రోగ్రామింగ్ సందేహాలు అడిగితే తోటివాళ్ళు జవాబులు రాసే సైట్ అది, మన ఐటీ పిల్లలందరికీ తెలిసిందే. 2022 నవంబర్ 30న చాట్‌జీపీటీ వచ్చింది, డిసెంబర్ 5 కల్లా అక్కడ దాని జవాబులు పెట్టకూడదని బ్యాన్ చేశారు, ఎందుకంటే జవాబులు చూడ్డానికి బాగుంటాయి, లోపల తప్పులుంటాయి, అవి వేలల్లో వచ్చిపడుతున్నాయి. కొన్ని నెలలకి కంపెనీ మోడరేటర్లకి, అంటే జీతం లేకుండా సైట్‌ని చూసుకునే వాలంటీర్లకి, అడ్డం తిరిగింది, ఏఐ అని అనుమానం వచ్చినంత మాత్రాన తీసేయొద్దు, యూజర్లని ఆపొద్దు అని. 2023 జూన్‌లో మోడరేటర్లు స్ట్రైక్‌కి దిగారు, జీతం లేని పనికి స్ట్రైక్, ఆగస్టుదాకా నడిచి ఒప్పందంతో ఆగింది. ఏఐని పట్టే డిటెక్టర్లని నమ్మలేం, అమాయకులు దెబ్బతింటారు అని కంపెనీ చెప్పిన మాటలో నిజం ఉంది, అది నేనూ ఒప్పుకుంటాను. కానీ ఏళ్ళ తరబడి ఆ సైట్‌ని కాపాడిన వాళ్ళతో సరిగ్గా మాట్లాడకుండా పైనుంచి ఆర్డర్ వేయడం మాత్రం తప్పే. వికీపీడియాలోనూ 2025 జూన్‌లో వ్యాసాల పైన ఏఐ సారాంశాలు పెట్టి చూద్దామని దాన్ని నడిపే వికీమీడియా ఫౌండేషన్ అనుకుంటే ఎడిటర్లు గట్టిగా వద్దన్నారు, ఫౌండేషన్ ఆపేసింది. అలా ఆగడం నాకు మంచిగా అనిపించింది.

ఇక మన సంగతి. తెవికీకి ఈ బాధ కొత్త కాదు, 2010 ప్రాంతంలోనే గూగుల్ వాళ్ళు తమ అనువాద టూల్‌తో ఇంగ్లీష్ వ్యాసాల్ని తెలుగు, తమిళం, కన్నడం, బెంగాలీ లాంటి భాషల్లోకి పెద్దఎత్తున దింపారు. తమిళ వికీ వాళ్ళు భాష బాలేదని, మాతో మాట్లాడకుండా చేస్తున్నారని అప్పుడే పేచీ పెట్టారు. మన దగ్గర కూడా ఆ వ్యాసాలు చదవబోతే వాక్యం ఎక్కడ మొదలైందో ఎక్కడ అయిపోయిందో తెలిసేది కాదు, వాటితో చాలా ఏళ్ళు కుస్తీ పట్టాల్సి వచ్చింది. అప్పుడు భాష బాలేకపోవడమే మాకు సాయం చేసింది, చూడగానే తెలిసిపోయేది. ఇప్పుడొచ్చే ఏఐ తెలుగు నున్నగా ఉంటోంది, అదే భయం.

ఒక ఉదాహరణ చెప్తాను, ఊరి పేరు వద్దు. మా జిల్లాలో ఒక ఊరి పేజీలో అక్కడి గుడి కాకతీయులు కట్టించిందని, దానికి శాసనం ఆధారమని, శాసనాలు అచ్చువేసే ఎపిగ్రాఫియా ఇండికాలో ఫలానా సంపుటి ఫలానా పేజీ అని ఎవరో చేర్చారు. ఆ సంపుటి స్కాన్ కాపీ నెట్లో ఉంది కాబట్టి సాయంత్రమంతా కూర్చుని చూశాను, ఆ పేజీలో ఉన్నది ఇంకేదో ప్రాంతం శాసనం, అసలు ఆ సంపుటంతా వెతికినా ఈ ఊరి పేరే లేదు. చర్చాపేజీలో అడిగితే చేర్చిన వాళ్ళ నుంచి జవాబు లేదు. నేను తీసేశాను సరే, ఈలోపు అది చదివి గుడి దగ్గర బోర్డు రాయించి ఉంటే ఏంటి పరిస్థితి? ఇంకో పదేళ్ళకి ఆ బోర్డే ఆధారం అవుతుంది కదా.

మెషిన్ వాడటమే తప్పు అని నేను అనట్లేదు, ఇది అర్థం చేసుకోవాలి. తెవికీలో వేల ఊళ్ళ పేజీలు 2011 జనాభా లెక్కల డేటాతో నింపినవే, అంత డేటాని ఎవరూ చేత్తో టైప్ చేయలేరు. కానీ అక్కడ ప్రతి అంకెకీ వెనక సెన్సస్ ఉంది, ఎవరైనా పోయి సరిచూసుకోవచ్చు. తెలుగు టైపింగ్ సరిగ్గా రాని పెద్దాయన తను రాసిన పేరాలో అక్షరదోషాలు ఏఐతో దిద్దించుకుంటే నాకు ఏ అభ్యంతరమూ లేదు, చెప్పాల్సిన విషయం ఆయనదే కదా. చాట్‌బాట్‌ని అడిగి, వచ్చినదాన్ని పైనుంచి కిందిదాకా కనీసం ఒకసారి చదవకుండా, ఒక్క ఆధారమూ తెరిచి చూడకుండా పెట్టేసి పోవడం, అది ఒప్పుకోలేం. పెట్టినవాళ్ళే చూడాలి, చూశామని అడిగినప్పుడు చెప్పగలగాలి. నా ఉద్దేశంలో మనకి కావాల్సిన రూల్ ఇంతే, దీని మీద మా రచ్చబండలో, అంటే తెవికీలో అందరూ చర్చించుకునే పేజీలో, చర్చ జరిగి పక్కాగా రాసుకోవాలి, ఊరికే నిర్వాహకుల ఓపిక మీద వదిలేస్తే లాభం లేదు.

గ్రీన్‌ల్యాండ్ వాళ్ళ భాష మాట్లాడేవాళ్ళు అరవై వేల లోపే. వాళ్ళ వికీపీడియాలో ఆ భాష రాని వాళ్ళు మెషిన్ అనువాదాలు నింపేశారు, అవి తీసేసి నిలబెట్టడానికి రాసేవాళ్ళు లేక 2025లో మూసేయాలని నిర్ణయించారు. మూసేయమని అడిగింది కూడా దాన్ని ఏళ్ళుగా చూసుకుంటున్న నిర్వాహకుడే. చిన్న భాషల్లో ఏఐకి నేర్పడానికి దొరికే రాతల్లో వికీపీడియాదే పెద్ద వాటా, అందులో తప్పుంటే ఏఐ అదే నేర్చుకుని మళ్ళీ అదే రాస్తుంది, ఇంకొకరు తెచ్చి మళ్ళీ వికీలో పెడతారు. మనం ఎనిమిది కోట్ల మందిమి, మనకేంటి అనుకోవద్దు, తెవికీలో రోజూ వచ్చి పనిచేసేవాళ్ళు చాలా కొద్దిమంది.

అందుకే పత్రికల వాళ్ళకి నా విన్నపం. తెలుగు ఊళ్ళ గురించి, మనుషుల గురించి, నాటకాల గురించి, ఉద్యమాల గురించి మాకు ఆధారం దొరికేది చాలావరకు తెలుగు పేపర్లలోనే. తీరా లింకు ఇస్తే కొన్నాళ్ళకి వెబ్‌సైట్ మార్చేస్తారు, లింకు చచ్చిపోతుంది, పాత సంచికలు జనానికి దొరకవు. లేని పుస్తకం పేరు ఏఐ చెప్తే అది లేదని తేల్చాలన్నా, ఉన్న వార్తని ఉందని చూపించాలన్నా మీ పాత పేపర్లు మాకు కావాలి. కనీసం పాతికేళ్ళు దాటిన సంచికలైనా స్కాన్ చేసి, తేదీ ప్రకారం ఎవరైనా తెరిచి చూసుకునేలా పెట్టండి, వెబ్‌సైట్ మార్చినా పాత లింకులు పనిచేసేలా చూడండి. ఇంకొకటి, జిల్లా పేజీల్లో వచ్చే ఊరి చరిత్రలు, జీవిత విశేషాలు వికీ నుంచో ఏఐ నుంచో తీసుకుంటే ఆ మాట కింద వేయండి, లేకపోతే మేం మిమ్మల్ని ఆధారంగా చూపిస్తాం, మీరు మమ్మల్ని చూసి రాసి ఉంటారు, మధ్యలో అసలు విషయం ఎవరూ చూసి ఉండరు.

ఇట్లు,
ఒక తెవికీ వాడుకరి,
ఖమ్మం