జరిమానా వేసే ముందు రూలు చూపించండి

సంపాదకులు గారికి నమస్కారం.

అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు వేసే జరిమానాల గురించి ఈ ఉత్తరం. నేను హైస్కూల్లో లెక్కల టీచర్‌గా చేసి రిటైరయ్యాను. పి.ఎం.పాలెంలో మా సొంత ఫ్లాట్‌లో ఉంటున్నాం. అసలు జరిమానాలే వద్దనే మనిషిని కాను. పై అంతస్తు నుంచి ఎవరో విసిరిన సిగరెట్ పీకకు ఆరేసిన తువ్వాలు కాలి చిల్లు పడ్డ ఇల్లు మాది. తడిచెత్త, పొడిచెత్త కలిపేసేవాళ్ళు ఒకరైతే, పొద్దున్నే జీవీఎంసీ (నగరపాలక సంస్థ) చెత్త బండి దగ్గర మాటలు పడేది మా వాచ్‌మన్ భార్య. అలాంటి చోట ఫైన్ పడాల్సిందే. నా పేచీ అంతా దాన్ని వేసే పద్ధతితోనే.

మా దగ్గర ఆ పద్ధతి ఏమిటంటే, ముందు ఎవరో ఒకరు ఫొటో తీస్తారు. అది వాట్సాప్ గ్రూపులో పడుతుంది. కింద ఫ్లాట్ నంబరు, దాని పక్కన ‘ఫైన్ 500’. నోటీసు లేదు, సంజాయిషీ అడగడం లేదు. వానలు పట్టుకుంటే ఈ సముద్రపు గాలికి ఇంట్లో ఆరేసిన బట్టలు మర్నాటికి కూడా ముక్కవాసన వేస్తాయి. అందుకని బాల్కనీ రెయిలింగ్ మీద వేశాను. మా ఆయన బనియన్లూ నా లంగాలూ అపార్ట్‌మెంట్ అంతటికీ దర్శనమిచ్చాయి. బట్టలు వేలాడితే బిల్డింగ్ అందం పోతుందట. వాటి ఫొటో ఊరందరికీ పంపితే ఏ అందం పెరిగిందో!

అదే రోజు సెల్లార్‌లో సెక్రటరీ గారి రెండో కారు సంపు మీద ఉంది. ముందు టైరు సరిగ్గా ఇనప మూత అంచు మీద. ట్యాంకర్ వచ్చింది. డ్రైవరు పైపు భుజాన వేసుకుని నిలబడ్డాడు. వాచ్‌మన్ తాళాల కోసం మెట్లెక్కి పరిగెత్తాడు. అడిగితే ‘అది విజిటర్స్ పార్కింగ్ కదండీ’ అన్నారు. ఆ విజిటర్ ఎవరో మరి! దానికి ఫొటో లేదు, ఫైనూ లేదు.

అద్దెకున్నవాళ్ళ సంగతి ఇంకా అన్యాయం. నైట్ డ్యూటీలు చేసే ఒక నర్సు అమ్మాయికి వేళగాని వేళ గేటు తీయిస్తోందని ఫైన్ వేశారు. జనరల్ బాడీలో ఆమెకు ఓటు లేదు. ఓనరు ఫోన్ ఎత్తడు. ఖాళీ చేయిస్తారేమోనన్న భయంతో నోరెత్తకుండా కట్టేసింది. ఆ డబ్బు వెళ్ళింది కూడా అసోసియేషన్ ఖాతాకి కాదు, ట్రెజరర్ గారి సొంత ఫోన్ నంబరుకి. రసీదు ఇవ్వలేదు. ఏడాది లెక్కల కాగితంలో ‘ఇతర ఆదాయం’ అని ఒకే ఒక్క అంకె. దాన్ని విడదీసి చూపించమంటే, మేడమ్ గారు ఇంకా పేపర్లు దిద్దుతున్నారని నవ్వారు.

అయితే నన్ను ఈ ఉత్తరానికి కూర్చోబెట్టింది నీళ్ళ గొడవ. నాలుగో అంతస్తులో ఒకాయన మెయింటెనెన్స్ బకాయి పడ్డారు. అది తప్పే. లిఫ్టు, మోటారు కరెంటు, జీతాలు అన్నీ ఆ డబ్బుతోనే నడవాలి. కమిటీ వాళ్ళు వాచ్‌మన్‌ని టెర్రస్ మీదికి పంపి వాల్వు కట్టేయించారు. మా బిల్డింగ్‌లో ట్యాంకు నుంచి దిగే పైపు ఒక్కో వరసకు ఒకటి ఉంటుంది గానీ ఫ్లాటుకొకటి ఉండదు. వాల్వు తిప్పగానే ఆయన బాత్రూమ్‌తో పాటు కింది అంతస్తుల కుళాయిలూ ఆగిపోయాయి. రెండో అంతస్తులో పురిటికొచ్చిన పిల్ల, పొత్తిళ్ళలో బిడ్డ. బకాయి ఉన్నాయన మాత్రం ఇల్లు తాళం పెట్టుకుని గాజువాకలో చుట్టాలింటికి వెళ్ళిపోయారు.

బైలాస్, అంటే అసోసియేషన్ నియమావళి, కాపీ అడిగితే ‘ఫైల్లో ఉందండీ’ అనడమే గానీ ఇచ్చింది లేదు. చివరికి పక్క ఫ్లాటాయన పాత కాగితాల్లో దొరికింది. మెయింటెనెన్స్ ఆలస్యమైతే వడ్డీ వేయొచ్చని అందులో ఉంది. బట్టల గురించి, గేటు గురించి, నీళ్ళు ఆపడం గురించి ఒక్క ముక్క లేదు. మా అసోసియేషన్ 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైంది. బైలాస్‌లో కొత్త రూలు చేర్చాలంటే సభ్యుల సమావేశంలో తీర్మానం చేసి రిజిస్ట్రారుకు పంపాలి. వాట్సాప్‌లో నలుగురు బొటనవేలు బొమ్మ పెడితే అది తీర్మానమైపోదు. గొడవ వస్తే ఆ చట్టం 23వ సెక్షన్ చూపించే దారి ఆర్బిట్రేషన్ (మధ్యవర్తి తీర్పు), లేదంటే జిల్లా కోర్టు. ఐదొందల ఫైన్ కోసం జిల్లా కోర్టు మెట్లెక్కేదెవరు? కమిటీల ధైర్యమంతా అక్కడే ఉంది.

మా అమ్మాయి అమెరికాలో, ఫ్లోరిడాలో ఉంటుంది. అక్కడి అసోసియేషన్లను హెచ్‌ఓఏ అంటారు. ఇంటి ముందు గడ్డి పెరిగినా ఊరుకోరట. కానీ ఆ రాష్ట్ర చట్టం ప్రకారం జరిమానా వేయాలంటే కనీసం 14 రోజుల ముందు నోటీసు ఇచ్చి, ఆ మనిషి చెప్పేది వినాలి. వినేవాళ్ళు బోర్డులో ఉండకూడదు, బోర్డువాళ్ళకు దగ్గరి చుట్టాలూ కాకూడదు. అలాంటివాళ్ళు కనీసం ముగ్గురుండాలి. వాళ్ళు ఒప్పుకోకపోతే ఫైన్ లేనట్టే. మామూలుగా ఒక్కో తప్పుకు 100 డాలర్లు మించకూడదు కూడా. మా కమిటీకి చుట్టాలు కాని ముగ్గురు మా బిల్డింగ్‌లో దొరకడం కష్టమే అనుకోండి, అది వేరే సంగతి.

ఇక్కడ అంత చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు. సొసైటీల రిజిస్ట్రేషన్ చూసే రిజిస్ట్రేషన్ శాఖ వారు, జరిమానాల సంగతి కూడా చేర్చి, అపార్ట్‌మెంట్లకు పనికొచ్చే నమూనా బైలాస్ తెలుగులో తయారు చేయించాలి. ఏ తప్పుకు ఎంత, ఎన్నాళ్ళ నోటీసు, ఎవరు వినాలి, డబ్బు ఏ ఖాతాలో పడాలి, అద్దెకున్నవాళ్ళ తరఫున ఎవరు మాట్లాడాలి అన్నవి అందులో ఉండాలి. బకాయి వసూలు కోసం నీళ్ళు, లిఫ్టు ఆపకూడదని స్పష్టంగా రాయాలి. కొత్తగా రిజిస్టరు చేసుకునే అసోసియేషన్లకు ఆ నమూనా అక్కడే చేతికివ్వొచ్చు. మాలాంటి పాతవాళ్ళం జనరల్ బాడీలో పెట్టి పాస్ చేయించుకుంటాం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచర్,
పి.ఎం.పాలెం, విశాఖపట్నం